డేటన్ మనుషులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత నెల ఈ శీర్షికలో రైట్ సోదరుల సొంత ఊరి ప్రస్తావనను నాలుగు వాక్యాల్లో ముగించాను. అది చాలలేదని చెబుతూ నగరంలోని పాఠకుల నుంచి ఉత్తరాలు వచ్చాయి. పిల్లల్ని అమెరికా పంపుతున్న తల్లిదండ్రులు, బడిపిల్లలు, ఒక విశ్రాంత ఇంజినీరు, ఒక ఆంగ్ల అధ్యాపకుడు రాసిన ఆ ఉత్తరాలు ఒక్కొక్కటి ఒక్కో వైపు నుంచి అదే ఊరిని అడుగుతున్నాయి కనుక ఈ నెల శీర్షికంతా డేటన్ నగరానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయికి డేటన్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. సీటు వచ్చింది. చుట్టాలందరూ "డాలస్ కాదా, న్యూజెర్సీ కాదా, అదెక్కడి ఊరు?" అని అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియడం లేదు. ఆ ఊరి నుంచి చెప్పుకోదగ్గవాళ్లు ఎవరైనా వచ్చారా?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

అమ్మా, ముందుగా మీ అబ్బాయికి నా ఆశీస్సులు. డేటన్ ఒహాయో రాష్ట్రంలో నైరుతి దిక్కున, గ్రేట్ మయామీ అనే నది ఒడ్డున ఉంది. ఫ్లోరిడాలోని మయామీతో దీనికి సంబంధం లేదు. 1796లో వెలసిన ఈ ఊరికి అమెరికా రాజ్యాంగం మీద సంతకం చేసిన జొనాథన్ డేటన్ పేరు పెట్టారు. 2020 జనాభా లెక్కల ప్రకారం నగర పరిధిలో ఉన్నవారు సుమారు 1,37,000 మంది. మన హైదరాబాద్‌లో ఏ శాసనసభ నియోజకవర్గం తీసుకున్నా ఓటర్లే అంతకంటే ఎక్కువ ఉంటారు.

ప్రముఖుల పేర్లు వరసగా రాసి ఊరుకోవచ్చు, కానీ ఆ ఊరి విశేషం అలాంటి వరసలో కనబడదు. అక్కడ ఒకరి అచ్చుయంత్రం మీద మరొకరి పత్రిక అచ్చయింది, ఒకరి కార్ఖానాలో తయారైన పడవలు వేరొకరి వాడకట్టును కాపాడాయి, ఒకరు ఉద్యోగంలోంచి తీసేసిన మనిషి వెళ్లి మరో మహాసంస్థను నిలబెట్టాడు. ఎవరు ఎవరికి ఏమయ్యారో చూస్తేనే ఆ ఊరు అర్థమవుతుంది. అందుకని గల్లాపెట్టెతో మొదలుపెడతాను.

జేమ్స్ రిటీ అనే ఆయనకు డేటన్‌లో ఒక మద్యశాల ఉండేది. వ్యాపారం బాగానే సాగుతున్నా డబ్బు మిగిలేది కాదు, ఎందుకంటే కౌంటరులో ఉన్నవాళ్లు వచ్చిన సొమ్ములో కొంత జేబులో వేసుకునేవారు. 1878లో ఓడలో ఐరోపా వెళ్తూ ఆయన ఇంజను గదిలో ఒక పరికరాన్ని చూశాడు. ఓడ చక్రం ఎన్నిసార్లు తిరిగిందో అది తనంతట తానే లెక్కపెడుతోంది. చక్రం తిరిగిన లెక్క తెలిసినప్పుడు గల్లాలో పడిన డబ్బు లెక్క ఎందుకు తెలియకూడదని ఆయనకు తోచింది. సోదరుడితో కలిసి 1879లో మొదటి క్యాష్ రిజిస్టరుకు పేటెంటు తీసుకున్నాడు. మన ఇరానీ హోటళ్లలో గల్లా దగ్గర సేఠ్ స్వయంగా కూర్చోవడం ఎందుకో తెలిసినవారికి ఆ యంత్రం విలువ వివరించి చెప్పనక్కరలేదు.

రిటీ దానిని నిలబెట్టలేకపోయాడు. నిలబెట్టినవాడు జాన్ హెన్రీ ప్యాటర్సన్. బొగ్గు వ్యాపారం చేసిన ఈయన 1884లో ఆ చిన్న కంపెనీని 6,500 డాలర్లకు కొని, నేషనల్ క్యాష్ రిజిస్టర్ అని పేరు మార్చాడు. బ్యాంకు ఏటీఎంల మీద మనం చూసే ఎన్‌సీఆర్ అనే మూడక్షరాలు అవే. అమ్మకందారుకు ఏం మాట్లాడాలో పుస్తకం రాసి కంఠస్థం చేయించడం, ఒక్కొక్కరికి ఒక ప్రాంతం అప్పగించి ఇంత అమ్మాలని కోటా పెట్టడం వంటి పద్ధతులను వ్యాపార ప్రపంచంలో స్థిరపరచినవారిలో ఆయనది ముందువరస. కార్మికులకు వెలుతురు కావాలని గోడల నిండా అద్దాల కిటికీలు పెట్టించిన మనిషీ, పోటీ కంపెనీలను అణచివేసే పద్ధతులకు కోర్టులో దోషిగా నిలబడిన మనిషీ ఆయనే. ఆయన పనిలోంచి తీసేసిన థామస్ వాట్సన్ 1914లో న్యూయార్క్‌లోని మరో కంపెనీలో చేరాడు. 1924లో దానికి ఐబీఎం అనే పేరు వచ్చింది. మీ చుట్టాల్లో ఐబీఎంలో పనిచేసినవాళ్లు ఉండే ఉంటారు, వాళ్లకు ఈ సంగతి చెప్పండి.

ప్యాటర్సన్ కార్ఖానాలోనే చార్ల్స్ కెటరింగ్ అనే యువ ఇంజినీరు క్యాష్ రిజిస్టరుకు విద్యుత్ మోటారు అమర్చాడు. ఆ అనుభవంతోనే తర్వాత కారుకు సెల్ఫ్ స్టార్టర్ తయారుచేశాడు. 1912 నాటి క్యాడిలాక్ కారులో అది వచ్చేదాకా ఇంజను ముందు నిలబడి ఇనుపకడ్డీ తిప్పవలసిందే, అది వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది. అయితే ఆయన ఖాతాలో ఇంకో పని కూడా ఉంది. 1921లో డేటన్‌లోని ఆయన ప్రయోగశాలలోనే థామస్ మిడ్జ్‌లీ పెట్రోలులో సీసం కలిపితే ఇంజను టకటకలాడడం ఆగుతుందని కనిపెట్టాడు. ఆ సీసం పొగ దశాబ్దాలపాటు ప్రపంచమంతటా పిల్లల రక్తంలోకి చేరింది. మన దేశంలో 2000 సంవత్సరంలో గానీ అలాంటి పెట్రోలు పోలేదు. న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ సంస్థ పేరులో ఉన్నదీ ఈ కెటరింగే. మన నోరి దత్తాత్రేయుడు గారు వైద్యుడిగా పనిచేసిన చోటు కనుక తెలుగువారికి ఆ పేరు పరిచయమే. ఒకే మనిషి పేరు మీద మేలూ కీడూ రెండూ ఇంత పెద్ద కొలతలో ఉన్నప్పుడు రెండూ చెప్పడమే న్యాయమని నేను అనుకుంటాను.

ప్రశ్న: సార్, రైట్ సోదరులు కాలేజీకి వెళ్లలేదని మా టీచర్ చెప్పారు. మరి లెక్కలూ సైన్సూ ఎవరు నేర్పారు? విమానం ఎలా తిప్పాలో వాళ్లకు ఎలా తెలిసింది?
– తొమ్మిదవ తరగతి విద్యార్థిని, సఫిల్‌గూడ

చాలా మంచి ప్రశ్న వేశావు తల్లీ. మీ టీచర్ చెప్పింది నిజం. విల్బర్ 1867లో ఇండియానాలో పుట్టాడు, ఆర్విల్ 1871లో డేటన్‌లోని హాథార్న్ వీధిలో పుట్టాడు. ఇద్దరి చేతికీ హైస్కూలు పట్టా రాలేదు. కానీ చదువు లేదని అనుకోకు. తండ్రి మిల్టన్ క్రైస్తవ మతగురువు, ఇంటి నిండా పుస్తకాలు ఉండేవి. తల్లి సూజన్‌కు పనిముట్లతో వస్తువులు తయారుచేసే నేర్పు ఉండేది, పిల్లలకు ఆటబొమ్మలు తానే చేసి ఇచ్చేది. 1889లో ఆమె క్షయతో మరణించింది. ఆ ఏడే అన్నదమ్ములు సొంతంగా కట్టుకున్న అచ్చుయంత్రం మీద పేటలో ఒక చిన్న పత్రిక నడిపారు, 1892లో సైకిళ్ల దుకాణం పెట్టారు, కొన్నాళ్లకు సొంత సైకిళ్లు తయారుచేసి అమ్మారు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్నకు వద్దాం. సైకిలు తొక్కేవాడు మలుపు తిరిగేటప్పుడు ఒక పక్కకు ఒరుగుతాడు. పక్షి కూడా అంతే, గాలిలో తిరగాలంటే రెక్కల కొసలను కొద్దిగా మెలితిప్పుతుంది. ఆ రోజుల్లో చాలామంది విమానం పడవలాగా నిటారుగా ఉండి చుక్కానితో తిరగాలని అనుకునేవారు. సైకిళ్లతో బతికిన ఈ ఇద్దరికి ఒరగడం తప్పు కాదని, ఒరుగును అదుపులో పెట్టుకోవాలని తెలుసు. కానీ గట్టిగా ఉండవలసిన రెక్కను మెలితిప్పడం ఎలా?

1899లో ఒకనాడు విల్బర్ దుకాణంలో కొనుగోలుదారుతో మాట్లాడుతూ, సైకిలు ట్యూబు వచ్చిన ఖాళీ అట్టపెట్టెను చేతుల్లో పట్టుకుని ఊరికే నలుపుతున్నాడు. ఆ పెట్టె మెలితిరగడం కంటబడింది. నువ్వూ చేసి చూడవచ్చు. టూత్‌పేస్టు వచ్చిన పొడవాటి అట్టపెట్టె తీసుకుని రెండు కొసల మూతలూ చింపెయ్యి. కుడి కొసను బొటనవేలితోనూ చూపుడువేలితోనూ ఐమూలగా నొక్కు, ఎడమ కొసను దానికి ఎదురు ఐమూలగా నొక్కు. పెట్టె పైతలం ఒక చివర కిందికీ రెండో చివర పైకీ వాలుతుంది, అయినా పెట్టె విరగదు. ఈ జవాబు రాసేముందు నా బల్ల మీద నేనూ చేసి చూశాను. ఆ పై అట్టను పై రెక్క అనీ, కింది అట్టను కింది రెక్క అనీ అనుకుంటే రెండంతస్తుల విమానం అదే. ఆ ఏడు వేసవిలోనే వాళ్లు ఒక పెద్ద గాలిపటం కట్టి తాళ్లతో దాని రెక్కలు మెలితిప్పి చూశారు.

లెక్కల సంగతి కూడా విను. ఇతరులు అచ్చువేసిన పట్టికలు నమ్మి కట్టిన గ్లైడర్లు సరిగ్గా ఎగరకపోవడంతో 1901లో దుకాణంలోనే ఒక పొడవాటి చెక్కపెట్టెలో గాలి వీచే ఏర్పాటు చేసుకుని, సుమారు 200 రకాల చిన్న రెక్కలను పరీక్షించి సొంత పట్టికలు రాసుకున్నారు. ఇంజను కావలసి వచ్చినప్పుడు దుకాణంలో మెకానిక్‌గా పనిచేసే చార్లీ టేలర్ 6 వారాల్లో చేసిపెట్టాడు. ఈయన పేరు పాఠ్యపుస్తకాల్లో ఉండదు, ఉండవలసింది.

1903 డిసెంబరు 17న నార్త్ కరోలినా తీరంలోని కిట్టీ హాక్ ఇసుకతిన్నెల దగ్గర మొదటి ఎగురుడు 12 సెకన్లు, 120 అడుగులు. అది అందరికీ తెలుసు. కానీ విమానాన్ని తిప్పడం పూర్తిగా నేర్చుకున్నది డేటన్ పక్కనే, ఊరికి 8 మైళ్ల దూరంలో ఆవులు మేసే హఫ్‌మన్ ప్రెయిరీ మైదానంలో. 1904 సెప్టెంబరులో మొదటిసారి గుండ్రంగా ఒక చుట్టు తిరిగి వచ్చారు, 1905 అక్టోబరులో 39 నిమిషాల్లో 24 మైళ్లు ఎగిరారు. ఆ మొదటి చుట్టును కళ్లారా చూసి రాసిన వ్యాసం ఏ పెద్ద దినపత్రికలోనూ రాలేదు. ఏమస్ రూట్ అనే తేనెటీగల పెంపకందారు తాను నడిపే తేనెటీగల పత్రికలో 1905 జనవరిలో దానిని అచ్చువేశాడు. చిన్న పత్రికలో పనిచేసే నాకు ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా చాలా సంతోషంగా ఉంటుంది.

ప్రశ్న: నల్లజాతి కవి పాల్ లారెన్స్ డన్‌బార్ డేటన్ వాడేనని చదివాను. ఆయన మాండలిక కవిత్వాన్ని మన తెలంగాణ యాసలోని కవిత్వంతో పోల్చవచ్చా?
– ఆంగ్ల అధ్యాపకుడు, తార్నాక

పోల్చవచ్చు, అయితే ఆ పోలిక ఒక చోట తిరగబడుతుంది. అది చెప్పే ముందు ఆయన జీవితం కొంత చెప్పాలి.

డన్‌బార్ 1872 జూన్ 27న డేటన్‌లో పుట్టాడు. తల్లి మాటిల్డా, తండ్రి జాషువా ఇద్దరూ కెంటకీలో బానిసలుగా బతికినవారు. తండ్రి తప్పించుకుని వెళ్లి అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యం తరఫున పోరాడాడు. కొడుకు సెంట్రల్ హైస్కూల్లో తన తరగతిలో ఏకైక నల్లజాతి విద్యార్థి. అయినా సాహిత్య సంఘానికి అధ్యక్షుడు, బడి పత్రికకు సంపాదకుడు. ఆర్విల్ రైట్ సహవిద్యార్థి. 1890లో డన్‌బార్ నల్లవారి కోసం పెట్టిన డేటన్ ట్యాట్లర్ అనే వారపత్రికను అచ్చువేసింది రైట్ సోదరులే. డబ్బు చాలక అది కొద్ది సంచికలతోనే ఆగిపోయింది. వాళ్ల దుకాణం గోడ మీద డన్‌బార్ ఆర్విల్‌ను మెచ్చుకుంటూ సుద్దముక్కతో ఒక చాటుపద్యం లాంటిది రాశాడని చెబుతారు.

1891లో బడి ముగిశాక ఇద్దరి దారులూ చీలిపోయాయి. పట్టా లేని ఆర్విల్ దుకాణం పెట్టుకోగలిగాడు. పట్టా ఉన్న డన్‌బార్ పత్రికా కార్యాలయాలకూ, వ్యాపార కార్యాలయాలకూ తిరిగితే రంగు చూసి కాదన్నారు. చివరికి క్యాలహన్ భవనంలో వారానికి 4 డాలర్లకు లిఫ్టు నడిపే పని దొరికింది. అంతస్తుకూ అంతస్తుకూ మధ్య దొరికిన విరామంలో పుస్తకాలు చదివాడు, పద్యాలు రాశాడు. మొదటి సంపుటికి అచ్చుఖర్చు 125 డాలర్లు. రైట్ల చిన్న ముద్రణాలయంలో పుస్తకం కుట్టే ఏర్పాటు లేదు కనుక చర్చి వారి ముద్రణాలయంలో అప్పు మీద అచ్చువేయించుకుని, లిఫ్టు ఎక్కినవారికి ఒక్కొక్క ప్రతి ఒక డాలరు చొప్పున అమ్మి ఆ అప్పు తీర్చాడు. పైఅంతస్తులో ఎవరైతే తనకు ఉద్యోగం ఇవ్వలేదో, వారి ఇరుగుపొరుగు గదులవారే ఆ పుస్తకాన్ని చేతిలో పట్టుకుని దిగి ఉంటారు.

1896లో ఆనాటి పెద్ద విమర్శకుడు విలియం డీన్ హవెల్స్ ఒక జాతీయ వారపత్రికలో ఆయన కవితలను పొగిడాడు. ఆ సంచిక తేదీ డన్‌బార్ పుట్టినరోజే, 24 ఏళ్లు నిండిన రోజు. దేశమంతా పేరు వచ్చింది. కానీ హవెల్స్ పొగిడింది ముఖ్యంగా నల్లవారి మాండలికంలోని పద్యాలను. అప్పటినుంచి సంపాదకులు అవే కావాలన్నారు, ప్రామాణిక ఆంగ్లంలో ఆయన ప్రాణం పెట్టి రాసినవాటిని పక్కన పెట్టారు. ఆ మెప్పు తనకు తీరని హాని చేసిందని డన్‌బార్ ఒక లేఖలో స్వయంగా బాధపడ్డాడు.

ఇక్కడే పోలిక తిరగబడుతుందని అన్నాను. మన దగ్గర తెలంగాణ యాసను చాలాకాలం పాఠ్యపుస్తకంలోకి రానివ్వలేదు, సినిమాలో హాస్యగాడికీ దుర్మార్గుడికీ మాత్రమే వదిలారు. కాళోజీ వంటివారు జీవితమంతా నిలదీస్తే, ఆయన పుట్టిన సెప్టెంబరు 9ని భాషా దినోత్సవంగా జరుపుకునే స్థితికి వచ్చాము. మనకు కావలసింది యాసకు గౌరవం. డన్‌బార్‌కు ఆ యాసను తప్ప మరేదీ దక్కనివ్వలేదు. కవికి రెండు వాక్కులూ ఉండాలి, ఎప్పుడు ఏది పలకాలో అతనే నిర్ణయించుకోవాలి. రెండు చోట్లా జరిగిన అన్యాయం ఆ నిర్ణయం వేరేవాళ్లు చేయడమే.

మీరు తరగతిలో చెప్పడానికి ఒక చిన్న సంగతి. ఆయన కొంతకాలం వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉద్యోగం చేశాడు. మండు వేసవిలో పుస్తకాల అరల ముందుండే ఇనుప ఊచలు ఎండకు కాలుతుండగా, ఆ ఊచల వెనక పనిచేసిన అనుభవం నుంచే పంజరంలోని పక్షి కవిత పుట్టిందని భార్య ఆలిస్ తర్వాత రాసింది. నల్లజాతి రచయిత్రి మాయా ఏంజెలో తన ఆత్మకథకు పేరు తీసుకున్నది ఆ కవితలోని పాదం నుంచే. డన్‌బార్ 1906 ఫిబ్రవరి 9న క్షయతో, 33 ఏళ్లకే కన్నుమూశాడు.

ప్రశ్న: 1908లో మూసీ ముంచినట్టే డేటన్‌ను కూడా వరద ముంచిందని, అక్కడ కట్టిన ఆనకట్టలకు గేట్లే లేవని విన్నాను. నిజమేనా? అది చేసిన ఇంజినీరు ఎవరు?
– నీటిపారుదల శాఖ విశ్రాంత ఇంజినీరు, అత్తాపూర్

నిజమే. 1913 మార్చి చివరి వారం, ఈస్టర్ ఆదివారం మొదలైన వాన తెరిపి ఇవ్వలేదు. 25న కరకట్టలు తెగి, ఊరి నడిబొడ్డున కొన్నిచోట్ల 20 అడుగుల నీరు నిలిచింది. మయామీ లోయ మొత్తం మీద 360 మందికి పైగా మరణించారు. జనం అటకల మీదకూ, ఇంటికప్పుల మీదకూ ఎక్కి రెండు మూడు రోజులు చలిలో గడిపారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు కొమ్మలు పట్టుకుని 1908 సెప్టెంబరు 28న బతికిన మనవాళ్లను తలుచుకుంటే ఆ రాత్రులు ఎలా గడిచాయో మనకు బాగా తెలుస్తుంది.

కోర్టు ఒక ఏడాది జైలుశిక్ష వేసి అప్పటికి కొన్ని వారాలే అయిన ప్యాటర్సన్, వాన తీరు చూసి కార్ఖానాలో క్యాష్ రిజిస్టర్ల పని ఆపించాడు. ఆయన వడ్రంగులు కొద్ది నిమిషాలకు ఒకటి చొప్పున సుమారు 300 బల్లపరుపు పడవలు చేశారు. కార్ఖానా గట్టు మీద ఉండడం వల్ల వేల మందికి అక్కడే అన్నం, పడక, వైద్యం దొరికాయి. 1915లో పైకోర్టు ఆ శిక్షను కొట్టివేసింది. అదే వరదలో హాథార్న్ వీధిలోని రైట్ల ఇంటి పెరటి కొట్టులోకి కూడా నీరు వచ్చింది. మొదటి ఎగురుడు ఫొటో గాజుపలక ఆ బురదనీటిలో నాని, ఒక మూల పొర ఊడిపోయింది. ఫొటోలో విమానం ఉన్న భాగం మాత్రం మిగలడం మనందరి అదృష్టం.

నీరు తీశాక జనం చందా వేసుకున్నారు. "అటక మీద చేసిన బాసలు మరవకండి" అన్నదే నినాదం. 20 లక్షల డాలర్లకు పైగా పోగయ్యాయి. ఆ డబ్బుతో పిలిపించిన ఇంజినీరు ఆర్థర్ మోర్గన్. ఆయన ఇంజినీరింగ్ కాలేజీలో చదవలేదు, తండ్రి దగ్గర సర్వే పని చేస్తూ నేర్చుకున్నవాడు. 1922 నాటికి 5 ఆనకట్టలు పూర్తయ్యాయి.

మీవంటివారికి పనితీరు వివరంగా చెప్పాలి. అవి మట్టికట్టలు. ప్రతి కట్ట అడుగున నదికి దారిగా కాంక్రీటు తూములు ఉంటాయి, వాటికి గేట్లూ తలుపులూ లేవు. మామూలు రోజుల్లో నది తన దారిన తాను పారుతుంది, కట్ట వెనక చుక్క నీరు నిలవదు, అక్కడ పొలాలూ ఉద్యానవనాలూ ఉంటాయి. పెద్ద వాన వస్తే, దిగువ కాలువ ఎంత మోయగలదో అంతే నీటిని పంపేలా తూము కొలత ఉంది కనుక మిగిలినది దానంతటదే వెనక నిలుస్తుంది, వరద తగ్గాక దానంతటదే ఖాళీ అవుతుంది. అర్ధరాత్రి ఎవరూ మేలుకుని ఎన్ని గేట్లు ఎత్తాలో నిర్ణయించనక్కరలేదు. 1913 వరద కంటే 40 శాతం ఎక్కువ వచ్చినా తట్టుకునేలా లెక్క వేశారు.

విశ్వేశ్వరయ్య గారి ఆలోచనతో మనకు వచ్చిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అవి వరదనూ ఆపాలి, నగరానికి తాగునీరూ ఇవ్వాలి. నీరు నింపి ఉంచవలసిన చెరువు, ఖాళీగా ఉంచవలసిన చెరువు ఒకటే అయినప్పుడు గేటు దగ్గరి మనిషి మీద ఎంత భారం పడుతుందో అత్తాపూర్‌లో ఉన్న మీకు నేను చెప్పనక్కరలేదు. మోర్గన్‌కు తాగునీటి బాధ్యత లేదు, ఆ సౌలభ్యం మనకు లేదు. అయినా ఒక్క విషయంలో ఆ ఊరివాళ్లు మనకంటే చాలా గట్టిగా నిలబడ్డారు. కట్టల వెనక నీరు నిలవవలసిన నేల మీద ఇళ్లు కట్టుకోవడానికి వీలులేకుండా హక్కులు ముందే కొని ఉంచారు, వందేళ్లుగా దానిని సడలించలేదు.

మోర్గన్ పేరు మన దేశంలో మరో చోట కూడా ఉంది. 1948–49లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌లో ఆయన సభ్యుడు. ఆ నివేదికలోని గ్రామీణ విశ్వవిద్యాలయాల ఆలోచన చాలావరకు ఆయనదే.

ప్రశ్న: అంతా మగవాళ్ల పేర్లే చెబుతారేమో. ఆ ఊరి ఆడవాళ్ల సంగతి ఏమిటి?
– గృహిణి, మలక్‌పేట

ఈ ప్రశ్న అడిగినందుకు మీకు కృతజ్ఞతలు. మొదట రైట్ల చెల్లెలు క్యాథరిన్. ఆ ఇంటి పిల్లల్లో కాలేజీ పట్టా పుచ్చుకున్నది ఆమె ఒక్కతే. డేటన్‌లో లాటిన్ పాఠం చెప్పేది. 1908 సెప్టెంబరులో ఆర్విల్ విమానం కూలి, పక్కన కూర్చున్న సైనికాధికారి మరణించి, ఆర్విల్ ఎముకలు విరిగినప్పుడు ఆమె ఉద్యోగం వదిలి ఆస్పత్రిలో వారాల తరబడి అన్న మంచం పక్కన ఉంది. అన్నలు ఐరోపాలో రాజుల ముందు నిలబడినప్పుడు మాట్లాడే బాధ్యత చాలావరకు ఆమెదే. 1926లో, 52 ఏళ్ల వయసులో, ఆమె పెళ్లి చేసుకుంటే ఆర్విల్ దానిని ద్రోహంగా భావించి మాట్లాడడం మానేశాడు. 1929లో ఆమె చావుబతుకుల్లో ఉన్నప్పుడు గానీ వెళ్లలేదు. ఆయన అంటే నాకున్న గౌరవం ఈ ఒక్క చోట తగ్గుతుంది.

రెండవవారు ఎర్మా బాంబెక్. 1927లో పుట్టి, డేటన్ విశ్వవిద్యాలయంలో చదివి, పిల్లల పెంపకంలో పడి, 1964లో ఒక శివారు పత్రికకు వారానికి 3 డాలర్ల చొప్పున కాలమ్ రాయడం మొదలుపెట్టారు. విడిచిన బట్టలు, మాడిన కూర, బడికి పోనని ఏడ్చే పిల్లలు, ఇవే ఆమె వస్తువులు. చివరికి సుమారు 900 పత్రికలు ఆ కాలమ్‌ను అచ్చువేశాయి. ఇంటిపని రాయదగిన విషయమని లక్షల మంది గృహిణులకు నమ్మకం కలిగించినవారు ఆమె.

మూడవవారు చారిటీ ఆడమ్స్ అర్లీ. పుట్టుక వేరే రాష్ట్రంలో అయినా యుద్ధం తర్వాత జీవితం డేటన్‌లోనే గడిచింది. 1945లో 855 మంది నల్లజాతి స్త్రీల తపాలా దళానికి అధిపతిగా ఇంగ్లండ్ వెళ్లి, గోదాముల్లో కుప్పలుపడిన సైనికుల ఉత్తరాలను 6 నెలల గడువుంటే 3 నెలల్లోనే పంచిపెట్టించారు.

ప్రశ్న: ఆటల్లో, సినిమాల్లో డేటన్ వాళ్లు ఉన్నారా?
– ఉద్యోగి, గచ్చిబౌలి

ఉన్నారు. 400 మీటర్ల హర్డిల్స్ పరుగు వీరుడు ఎడ్విన్ మోజెస్ 1955లో డేటన్‌లో పుట్టారు. భౌతికశాస్త్రం చదువుకున్న ఈయన ప్రతి రెండు హర్డిల్స్ మధ్యా సరిగ్గా 13 అంగలు వేసేలా సాధన చేసి, 1977 నుంచి 1987 దాకా వరుసగా 122 పరుగుల్లో ఓటమి ఎరగలేదు. పి.టి. ఉష సెకనులో వందోవంతు తేడాతో పతకం పోగొట్టుకున్న 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోనే, మగవారి విభాగంలో స్వర్ణం ఈయనది. ఇక ధరాసనలో ఉప్పు సత్యాగ్రహుల మీద లాఠీలు విరుగుతుంటే ఫోనులో ఆ వార్త చదివి వినిపించే అమెరికన్ విలేకరి గాంధీ సినిమాలో మీకు గుర్తుంటే, ఆ నటుడు మార్టిన్ షీన్. అసలు పేరు రామోన్ ఎస్తేవెజ్. స్పెయిన్ నుంచి వలస వచ్చిన ఆయన తండ్రి పనిచేసింది ప్యాటర్సన్ పెట్టిన ఆ క్యాష్ రిజిస్టర్ల కార్ఖానాలోనే.

ప్రశ్న: వచ్చే నెల సిన్సినాటిలో మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాము. డేటన్‌కు ఒక్క రోజే కేటాయించగలము. ఏం చూడాలి?
– విశ్రాంత దంపతులు, సైనిక్‌పురి

కారులో గంట ప్రయాణం. అక్కడి అమెరికా వైమానిక దళ మ్యూజియానికి ప్రవేశ రుసుము లేదు, కానీ చాలా పెద్దది, కాళ్లు నొప్పి పుడతాయి. అది చివరికి ఉంచుకోండి. రైట్ల ఇల్లు, ఆఖరి దుకాణం ఇప్పుడు ఊళ్లో కనబడవు. వాటిని హెన్రీ ఫోర్డ్ 1930లలో ఊడదీయించి మిషిగన్‌కు తరలించాడు. సౌత్ విలియమ్స్ వీధిలో వారి పాత సైకిల్ దుకాణం మాత్రం ఉంది. కారిలాన్ పార్కులో 1905 నాటి అసలు విమానాన్ని చూడవచ్చు.

మధ్యాహ్నం వుడ్‌ల్యాండ్ శ్మశానవాటికకు తప్పక వెళ్లండి. గుట్ట మీద, పెద్ద చెట్ల నీడలో ఉంటుంది. రైట్ సోదరులు, క్యాథరిన్, గల్లాపెట్టె రిటీ, ప్యాటర్సన్, కెటరింగ్ అందరూ అక్కడే ఉన్నారు. ఎర్మా బాంబెక్ సమాధి మీద అరిజోనా నుంచి తెచ్చిన పెద్ద బండరాయి ఉంటుంది. డన్‌బార్ పక్కనే తల్లి మాటిల్డా ఉంది. కొడుకు పోయాక ఆమె 28 ఏళ్లు బతికి, ఆయన తన కోసం కొన్న ఇంట్లోనే 1934లో కన్నుమూసింది. ఆయన పేరే పెట్టిన వీధిలో ఆ ఇల్లు ఇప్పుడు స్మారక మందిరం. అది అన్ని రోజులూ తెరిచి ఉండదు, అందుకని మీ అమ్మాయిచేత ముందే ఫోను చేయించి, తెరిచి ఉండే రోజు కనుక్కుని, దానిని బట్టి ప్రయాణం పెట్టుకోండి.